పగటి అరుంధతి

జైల్లో పెళ్లిళ్లకు చట్టం వచ్చి పదేళ్లయింది. ఇద్దరు ఆడవాళ్లయినా చేసుకోవచ్చు. షరతు ఒక్కటే: సూపరింటెండెంటు సంతకం పెట్టేలోగా ఖైదీ మెడపట్టీ ఎర్రబడితే పెళ్లి రద్దు. అబద్ధమాడితే పట్టీ ఎర్రబడుతుంది. అందుకే అక్కడ కూర ఎలా ఉందని ఖైదీలను ఎవరూ అడగరు.

ఖైదీ పైడమ్మ పొద్దుట్నుంచీ నోరు అదుపులో పెట్టుకునే ఉంది. బయట్నుంచి వచ్చిన నూకాలు ఆ పట్టీ మీదుగానే ఆమెకు తాళి కట్టింది. ఆమె నూకాలుకు కట్టింది. ఇక సంతకమే తరువాయి అనుకుంటుండగా, పంతులు అలవాటు కొద్దీ మిట్టమధ్యాహ్నపు ఆకాశంలోకి చెయ్యెత్తాడు.

"అదుగో అరుంధతి. కనబడిందా అమ్మా?"

"కనబడినాది," అంది నూకాలు, అందరు పెళ్లికూతుళ్లలాగే.

పంతులు పైడమ్మ వైపు తిరిగాడు. వార్డరమ్మ పట్టీకేసి వంగింది.

"కనబడినాదని అనీయే, ఓ పనైపోద్ది," అని వెనక నుంచి పైడమ్మ మేనత్త గొణిగింది.

"అంటే పెళ్లే రద్దైపోద్దత్తా. నాకు కనబడనేదు పంతులుగోరూ."

పట్టీ ఆకుపచ్చగానే ఉంది. మేనత్త నుదురు కొట్టుకుంది. పంతులు ఎత్తిన చెయ్యి దించలేదు. కనబడలేదన్న పెళ్లికూతురు ఆయనకు ఇంతవరకూ తగల్లేదు.

నూకాలు పైడమ్మ వేలు పట్టుకుంది. "కనబడకపోతే పోనీ. ఉన్నాదంటావా, నేదంటావా?"

"ఇంకేం అడక్కమ్మా, సంతకం కానీ!" అంది వార్డరమ్మ.

పైడమ్మ కాసేపు ఎండలోకి చూసింది.

"ఉన్నాది."

ఎవరి మెడ వాళ్లకు కనబడదు. అందుకని ఆమె నూకాలు ముఖంలోకి చూసింది. నూకాలు నవ్వుతోంది.