తెరమీద మోగిన అలారం

మూడోసారి కూడా తిప్పికొట్టాడు.

ఇంజినీరు టీ కప్పును బల్లమీద విసురుగా పెట్టింది. టీ ఒలికి కీబోర్డు తడిసింది.

ఇళ్లలో రోగులకు ఊపిరందించే మిషన్ అది. దాన్ని లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌కు, కెర్నల్‌కు, కళ్లుండవు. ఏ పిన్నుకు ఏ తీగ కలిపారో ఒక ఫైల్లో రాసివ్వాలి. ఏది రాస్తే అదే నమ్ముతుంది.

ఆ ఫైలును నెట్‌లో పెడతారు, బయటివాళ్లెవరైనా చూసి తప్పులు చెప్పవచ్చు. మూడుసార్లు తిప్పికొట్టినవాడు అలా చెప్పేవాళ్లలో ఒకడు, ముక్కూమొహం తెలియనివాడు. ఆఫీసు అతనికి పుల్లవిరుపు అని పేరు పెట్టింది.

రోగి ఊపిరి గొట్టం ఊడితే అలారం మోగాలి. ఆ ఒక్క లైను దగ్గర అతను బిగుసుకు కూర్చున్నాడు. మీరు రాసిన పిన్నుకు తీగే లేదు, చప్పుడు చేసే బజరు పక్క పిన్నుకు మారింది అంటాడు. పాత మోడల్లో ఉన్నదే దించానని ఆమె రాసింది. 'అలారం మోగుతోంది' అని తెరమీద పడ్డ ఫొటో కూడా పంపింది.

అతని జవాబు ఒకటే.

"తెర సంగతి వదిలెయ్యండి. చెవులతో విన్నారా?"

వినలేదు. గోల భరించలేక ఆ హాల్లో అందరూ తమ బోర్డుల మీది బజర్లు ఎప్పుడో పీకేశారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల చెవులు సుఖంగా ఉండాలి కదా.

సోమవారానికి సరుకు వెళ్లాలన్నాడు మేనేజరు. మిషన్ విప్పి చూడనివాడికి తీగల సంగతి ఎలా తెలుస్తుందన్నాడు. "పోటీ కంపెనీవాడమ్మా. తీసి అవతల పారెయ్."

ఆమె ఒళ్లుమండి రాసింది: "మీకు ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరా?"

"లేరు" అని వచ్చింది.

హాలంతా నవ్వింది. ఆమె అతన్ని బ్లాక్ చేసింది. ఆ లైను అలాగే వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా ఒక మిషన్ వాపసు వచ్చింది. గొట్టం ఊడినా మోగలేదట. కోడలు అటుగా రాబట్టి పెద్దాయన బతికాడట.

ఆమె దాన్ని ఆన్ చేసి గొట్టం లాగింది.

తెరమీద 'అలారం మోగుతోంది'. హాల్లో చప్పుడు లేదు.

"పాత మోడల్ మిషన్లూ ఇంతేనా సార్?"

మేనేజరు గోడవైపు చూస్తూ చెప్పాడు. వాటి చివరి లాటులోనే ఈ కొత్త బోర్డు వేశారట, ఫైలు మాత్రం మార్చలేదట. అందులో ఒకటి పోయినేడు తిరిగొచ్చిందట. ఎవరో ఆవిడ పోయింది. మోగలేదని భర్త గొడవ చేశాడు. మిషన్ మెమరీ తీసి చూస్తే మోగినట్టే రాసి ఉంది. నువ్వే మొద్దునిద్ర పోయుంటావని పంపేశారు.

"ఆయనేమన్నాడు?"

"పక్కగదిలో ఆవిడకే పాలు కాస్తున్నానన్నాడు. మిషన్ తీసుకుపోయాడు. పోతూపోతూ గుమ్మంలో నిలబడి, మీరు చెవులతో విన్నారా అన్నాడు."

ఆమె బ్లాక్ తీసి, అతని చివరి జవాబు మళ్లీ చదివింది.

లేరు.