మూడో చిమ్టా

అశోక్‌నగర్‌లో టైపు నేర్పే ఉదయ్ కుమార్ నారాయణగూడ దాకా తొక్కి చూసి, చిక్కడపల్లిలోని సైకిల్ షాపుకు రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు.

"ఇది గూడ గంతే ఈదయ్యా. చేతులు తిమ్మిరెక్కుతున్నయ్."

ఆ గేర్ల సైకిల్‌కు ముందు చక్రాన్ని పట్టి ఉంచే చిమ్టా మార్చడం వారంలో ఇది మూడోసారి. మొదటిది మరీ లావన్నాడు. రెండోది మరీ నిటారన్నాడు.

ఈదయ్య విసుక్కుంటూ తానే ఎక్కి, అవే గుంతల్లో నారాయణగూడ దాకా పోయొచ్చాడు.

"మెత్తగనే పోతుంది సార్. నాకేం తిమ్మిరి లేదు."

చాయ్ గ్లాసు అందించాడు. అది ఉదయ్ కుమార్ వేళ్లలోంచి జారి పగిలిపోయింది. అతను సైకిల్ దిగి అప్పటికే అరగంటయింది.

ఈదయ్య గొంతు తగ్గించాడు. "దవాఖానల చూపెట్టుకున్నరా సార్?"

ఉదయ్ కుమార్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇంకోటి బిగించు," అన్నాడు.