తాడు మీది మనిషి చెయ్యి ఊపాడు

గాజు భవనం మేనేజరు మా అన్నకు ఒక్కరోజు సెలవు ఇవ్వలేదు. పిల్లలు మొదటిసారి ఈ మహానగరానికి వస్తున్నారని బతిమాలితే, "అద్దాలు నీ పిల్లలొచ్చి తుడుస్తారా?" అన్నాడు. వాళ్ళకు ఊరు చూపించే పని నా మీద పడింది.

రైల్లో, తర్వాత రాబోయే స్టేషన్ పేరు నాలుగు భాషల్లో వినిపించింది. అన్న కూతురు బుజ్జమ్మ నాలుగింటినీ అనుకరించింది. చుట్టూ ఉన్న నానా దేశాల వాళ్ళూ నవ్వారు.

"బాబాయ్, రైలుకే ఇన్ని మాటలొచ్చు. నీకేమో ఒక్కటీ రాదు."

"నాకు పోట్లాట వచ్చులేవే."

"ముందు నాన్న పనిచేసే మేడ చూపించు" అంటూ దాని తమ్ముడు చిన్నాడు నా చొక్కా లాగాడు. అక్కడికే తీసుకెళ్ళాను.

భవనం కింద ఇద్దరూ తలలు వెనక్కి వాల్చారు. బాగా ఎత్తున, తాడుకు వేలాడుతూ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి అద్దం తుడుస్తున్నాడు.

"నాన్నా!" అని గొంతు చించుకుని అరిచారు. అతను తుడవడం ఆపి, కిందికి చూసి, చాలాసేపు చెయ్యి ఊపాడు.

"చూశావా, మమ్మల్ని గుర్తుపట్టేశాడు!" బుజ్జమ్మ గంతులేసింది.

అతను మా అన్న కాదు. అన్న పక్క తాడు మీద పనిచేసే పరదేశి. మన భాష రాకపోయినా ఆ పిలుపు అతనికి అర్థమైంది.

అన్న నిన్న పొద్దున అక్కడి నుంచే పడి చనిపోయాడు. గాలి జోరుగా ఉంది, దిగిపోతానంటే మేనేజరు దిగనివ్వలేదు. శవం కోసం వదిన ఆసుపత్రిలో కూర్చుంది.

ఆ మేనేజరును నిలదీయడానికి రేపు ఉదయం ఎనిమిదింటికి ఆ భవనం గేటు దగ్గరికి రండి. ఏ భాష వాళ్ళయినా రండి. పిల్లలకు ఎలా చెప్పాలో తెలిసినవాళ్ళు మాత్రం కాస్త ముందే రండి.