పడుగు గంజి

మగ్గం మీది పడుగు నూలుకు పెట్టాల్సిన గంజికుండ ఖాళీగా ఉంది, పక్కనే పడుకున్న అత్త మూతికి ఆ గంజి అంటుకుని ఉంది.

సుంకమ్మ అత్త భుజం పట్టి కుదిపింది. నూలుకు పురుగు పట్టకుండా మామ వెంకటప్ప ఆ గంజిలో మైలుతుత్తం కలుపుతాడు. అది విషం.

“అత్తా! లెయ్యి! గంజి తాగినావా?”

సుబ్బక్క ఉలిక్కిపడి లేచింది. “అరవొద్దమ్మే. మీ మామ తుత్తం కలపకముందే రవ్వంత తాగినా.”

“పొద్దున్నే కలిపినానని చెప్పినాడే!”

సుబ్బక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. “అయితే సచ్చిపోతానా?”

“కక్కు అత్తా, కక్కు! మామా, యాడుండావు? అత్త తుత్తం గంజి తాగింది!”

వెంకటప్ప పరుగెత్తుకొచ్చి, కుండను చూసి ఆగిపోయాడు.

“అట్ల నిలబడితే ఎట్ల మామా? డాక్టరు కోసరం పో!”

ఆయన కుండను కోడలి ముందుకు జరిపాడు. “ఏం గాదు, నాలిక మీద ఏసుకుని చూడు.”

సుంకమ్మ వేలితో అడుగు గీకి నాకింది. ఉప్పు. తెల్లగడ్డ. వేయించిన జీలకర్ర.

వెంకటప్ప తల దించుకున్నాడు.

“కడుపుతో ఉండావని, ఆకలి లేదంటా తన సంగటంతా నీకే పెడతాంది ఈయమ్మ. ఆకలికి ఓర్చుకోలేక ఈ గంజి దొంగగా తాగుతాంటే చూసినా. అడిగితే సిగ్గుపడి ఇదీ మానేస్తాది. ఎప్పుడు తాగుతాదో తెలీక భయమై, తుత్తం మానేసి రుచిగా కాస్తాండా. ఈ గుట్టు బయటపడకుండా, పొద్దున కలిపినానని నీకు అబద్ధం చెప్పింది నేనే.”