అంపైరు తనిఖీ

"ఈ బ్యాటు చెల్లదు," అన్నాడు ధనంజయ.

సత్యవేడు జట్టు కెప్టెన్ నవీన బ్యాటు వైపు చూసింది, అంపైరు వైపు చూసింది. తిరుపతి కాలేజీ మైదానంలో అమ్మాయిల బేస్‌బాల్ ఫైనల్ ఇంకాసేపట్లో మొదలుకావాలి. అవతల పూతలపట్టు జట్టు అప్పుడే గ్లోవ్సులు తొడుక్కుని నిలబడింది.

"ఏమైంది సార్ దీనికి? నిన్న సెమీఫైనల్ దీంతోనే ఆడినాం."

ధనంజయ జేబులోంచి టేపు తీశాడు. పిడి చివర నుంచి పద్దెనిమిది అంగుళాల దాకా చెయ్యి జారకుండా ఏమైనా పూసుకోవచ్చు, అంతకు పైన ఏదీ ఉండకూడదని రూలు. ఈ బ్యాటుకు లావుపాటి కొసన కుంకుమ బొట్టు ఉంది. గుడ్డతో తుడిస్తే పోయేదే. కానీ తుడిచేస్తే, తనిఖీ ఇంత గట్టిగా చేశాడని ఎవరికి తెలుస్తుంది? షామియానా కింద రాష్ట్ర సంఘం నుంచి వచ్చిన పరిశీలకుడు చక్రధర్ కూర్చుని ఉన్నాడు. ఆయన ఈ ఫైనల్ చూసి ఊ అంటే ధనంజయ రాష్ట్ర అంపైరు అవుతాడు. ఏళ్ల తరబడి బళ్లో డ్రిల్లు విజిలు ఊదుతున్న ప్రాణం ఆ ఒక్క ఊ కోసం కొట్టుకుంటోంది.

అందుకని టేపును షామియానాకు కనబడేటట్టు ఎత్తి పట్టి మరీ కొలిచాడు. బ్యాట్ల సంచికి నల్లదారంతో వేలాడుతున్న నిమ్మకాయను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తాడు.

"రూల్ బుక్కులో నిమ్మకాయ యాడుండాదమ్మా? ఆటలోకి ఇట్లాంటివి తెస్తే ఎట్ల? ఇంకొకటి ఎవరి కాడ దొరికినా సరే, వాళ్లు అవుట్. గేటు బయటికే."

తన గొంతు వింటే తనకే ముచ్చటేసింది. బ్యాటును, నిమ్మకాయను తీసుకెళ్లి కంచె పక్కన పెట్టించాడు. తర్వాత హెల్మెట్లు తట్టి చూశాడు, గ్లోవ్సుల్లోకి వేళ్లు దూర్చి చూశాడు. ఒకమ్మాయి తలలోని పిన్నీసు కూడా ఊడదీయించాడు.

ఆట మొదలైంది. అరువు బ్యాటు బరువెక్కువై నవీన ఒక్క దెబ్బా సరిగా కొట్టలేకపోయింది. ఇంకో అమ్మాయి బంతిని కొట్టేటప్పుడు కాలు గీత దాటిందని ధనంజయ అవుటిచ్చాడు. ఇచ్చి, షామియానా వైపు ఓరగా చూశాడు. తన నడుముకున్న సంచిలో రెండు కొత్త బంతులున్నాయి, పొద్దున భార్య పంకజాక్షి సర్ది తన చేత్తోనే కట్టి పంపింది. కానీ ఆడుతున్న బంతికి కుట్లు ఊడలేదు కదా అని వాటిని బయటికే తీయలేదు.

ఆఖరి విడతకు వచ్చేసరికి స్కోర్లు సమానం. పరుగుకు తొక్కాల్సిన నాలుగు మూలల్లో నవీన మూడో మూల దాకా చేరింది. అక్కడి నుంచి పరిగెత్తుకొచ్చి, బ్యాటరు నిలబడే చోట నేలలో పొదిగిన తెల్ల రబ్బరు పలకను తొక్కితే సత్యవేడుదే కప్పు.

బ్యాటరు కొట్టిన బంతి ఫీల్డర్లను దాటి పోయింది. ధనంజయ ముఖానికున్న జాలీ పీకి పారేసి, చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేటట్టు ఒక్క గెంతు గెంతి పక్కకు వచ్చాడు. అందరి కళ్లూ బంతి మీదే. నవీన పరిగెత్తుకుంటూ వచ్చింది, వచ్చి పలకకు ఒక అడుగు ఇవతల బిగుసుకుపోయి నిలబడింది. ఈలోగా బంతి వచ్చింది. వెనకున్న క్యాచరమ్మాయి కూడా పలక తొక్కకుండా చెయ్యి సాచి నవీనను తాకింది.

"అవుట్," అన్నాడు ధనంజయ. "ఎందుకు నిలబడిపోయినావమ్మా?"

"నిమ్మకాయ సార్," అంది నవీన. "ఎవురో దిష్టి తీసిన కాయ. ఎట్ల తొక్కేది?"

పలక నడిమధ్యన నాలుగు వైపులా కుంకుమ పెట్టిన నిమ్మకాయ ఉంది. పొద్దున పట్టుకున్నది కంచె పక్కనే పడి ఉంది, అంటే ఇది రెండోది. ధనంజయకు ఒళ్లు మండిపోయింది. తనంత చెప్పినా లెక్కలేదన్నమాట. రెండు జట్ల సంచులూ బోర్లించాడు, జేబులు తిప్పించాడు, బూట్లు కూడా దులిపించాడు. ఎక్కడా కుంకుమ మరక లేదు.

చక్రధర్ మెల్లగా నడిచొచ్చాడు. "అందరివీ సూసినారా?"

"ఒక్కరిని వదల్లేదు సార్. కావాలంటే నాది గూడా సూడండి," అంటూ ధనంజయ నడుము సంచిలోకి దర్జాగా చెయ్యి పెట్టాడు.

కొత్త బంతి తగిలింది. దాని పక్కన పొడిపొడిగా ఇంకేదో తగిలింది. సంచిలోనే చెయ్యి ఆగిపోయింది. కొంచెం పైకి తీసి చూసుకుంటే వేళ్లు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన చూసే ఆట, దిష్టి తగలకూడదని పొద్దున పంకజాక్షి ఏదో అనడం, తను అద్దం ముందు రూళ్లు వల్లిస్తూ దానికి ఊ కొట్టడం, ఇందాక పలక పక్కన తను గెంతిన గెంతు అప్పుడు గుర్తొచ్చాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది.

ఎవరూ చూడలేదు. చెయ్యి లోపలే తుడిచేసుకుంటే సరిపోతుంది. రాష్ట్ర అంపైరు పదవి ఒక్క తుడుపు దూరంలో ఉంది. ఎదురుగా నవీన కళ్ల నిండా నీళ్లతో, ఆ పలక వైపే చూస్తోంది. ధనంజయకు తన మీద తనకే సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది.

ఎర్రటి చెయ్యి బయటికి తీసి, పిడికిలి బిగించి పైకెత్తాడు.

"అవుట్," అని గట్టిగా అరిచి, సంచి విప్పి చక్రధర్ చేతిలో పెట్టి, గేటు వైపు నడిచాడు.

"నన్ను ఇందాకే అవుటిచ్చినారు కదా సార్," అంది నవీన, ఏమీ అర్థంకాక.

"నీ పరుగు చెల్లుతాదమ్మా. ఇప్పుడు అవుటయింది నేను."