వెనక నుంచి ఊ

ఆ ఆదివారం మా ఇద్దరికీ వేర్‌హౌస్‌లో షిఫ్ట్ పడలేదు. కాలేజీ పిల్లలం ఎనిమిదిమందిమి ఉండే బేస్‌మెంట్‌లో ఊపిరాడక, నేనూ యాదగిరీ అల్బెర్టాలో ఎడారిలాంటి చోట, పైభాగం బల్లలా చదునుగా ఉన్న ఒక గుట్ట ఎక్కాం. దిగడం మొదలుపెట్టేసరికి పొద్దు గూకింది. దారి ఒక్క మనిషి పట్టేంత. రెండు పక్కలా లోయ.

“ఏదన్నా చెప్పుకుంట నడువు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతయా? నేను వెనక ఊ కొడుతుంట,” అన్నాడు యాదగిరి.

మా గేదె తప్పిపోయిన సంగతి ఎత్తుకున్నాను.

“ఊ.”

చెరుకు తోటలన్నీ వెతికామన్నాను.

“ఊ.”

సగం దిగాక ఒకటి గమనించాను. నేను అడుగేసినప్పుడల్లా రాళ్ళు జారి లోయలో పడుతున్నాయి. వెనక ఒక్క రాయి కూడా కదలడం లేదు. ఊ మాత్రం అంతే దగ్గరగా వినిపిస్తోంది.

అప్పుడు చాలా పైన, గుట్ట అంచున, సెల్‌ఫోన్ లైటు ఊగింది.

“అరేయ్! ఎప్పటిసంది పిలుస్తున్న, ఇనవడ్తలేదా? కాలు మడతవడ్డది. నడవస్తలేదు. జల్ది రారా, సలి సంపుతున్నది!”

అది యాదగిరి గొంతే. ఆ అక్టోబరు చలిలో తెల్లారేదాకా కదలకుండా కూర్చుంటే మనిషి మిగలడు. వాణ్ణి దింపుకురావాలంటే ఉన్నది ఈ దారొక్కటే. నేను వెనక్కి తిరగాలి.

గేదె సంగతి చెప్పడం ఎప్పుడో ఆపేశాను.

“ఊ,” అంది వెనక నుంచి, తర్వాత ఏమైందన్నట్టు.