కొత్తగూడ తోవ

ఇటు దగ్గరికి జరిగి కూర్చో బిడ్డా. ఆ టీవీ జర తగ్గించు. సకల జనుల సమ్మె నాటి ముచ్చట ఒకటి చెబుతాను.

అప్పుడు బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. బడులు మూతపడ్డాయి. ఊరూరా రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటపాటలు.

ఆ రోజుల్లో జనగామ పిల్లలు కొందరు సైకిళ్లెక్కి భూపాలపల్లి బయలుదేరారు.

భూపాలపల్లి అవతల ఒక తండా ఉంది. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన కల్యాణ్ అనే పిల్లవాడిది ఆ తండా. ఆ పిల్లవాణ్ని వీళ్లెవరూ చూడలేదు. పేపర్లో పేరు చదివారు, అంతే. అయినా వాడి సంవత్సరీకానికి అందుకోవాలని, ఆ తల్లి ముందు నిలబడాలని పట్టుపట్టారు.

సైకిల్ ర్యాలీలకు అనుమతి లేదన్నారు పోలీసులు. దొరికితే స్టేషనే. అందుకే పెద్ద రోడ్డు వదిలి చుట్టుదారి పట్టారు.

ముందు నడిపేవాడు గోవర్ధన్. చదువుకున్నవాడు, మాట కరుకు. అఖిల అందరికన్నా చిన్నది, అందరికన్నా మొండిది.

తొర్రూరు దాటుతుంటే ఒక పెద్దమనిషి వెనక కలిశాడు. పాత సైకిల్. తలకు తువ్వాల. జెండా లేదు, నినాదం లేదు.

"ఎవర్రా ఆయన?" అన్నాడు గోవర్ధన్.

"ఏమో అన్నా. నేను మెల్లగ తొక్కితె మెల్లగ తొక్కుతుండు. ఉరికితె ఉరుకుతుండు," అన్నాడు పక్కనున్న డేవిడ్.

ఆకేరు వాగులోకి దిగడం సులువే. అవతలి గడ్డ ఎక్కడమే పని. అక్కడ రోడ్డు గుట్టను చుట్టుకుంటూ పైకి లేస్తుంది. అఖిల సైకిల్ సగం ఎత్తులోనే ఊగిపోయింది.

"దిగి నడువు!" అరిచాడు గోవర్ధన్.

"నడువ. తొక్కే పోత."

అంతలో ఆమె వెనక సీటు మీద ఒక చెయ్యి పడింది. పెద్దమనిషి ఒక చేత్తో తన సైకిల్ నడుపుతూ, ఇంకో చేత్తో ఆమెను ఎత్తు ఎక్కేదాకా తోశాడు.

"సల్లగుండు కాకా," అంది అఖిల రొప్పుతూ.

"తొక్కు బిడ్డా. ఆగితె మళ్ల ఎక్కుడు కష్టం. అవుగని, మీరు ఏ తొవ్వల పోతున్నరు?"

గోవర్ధన్ చెవిన ఆ మాట పడింది.

మహబూబాబాద్‌లో చాయ్ తాగుతుంటే ఆయన మళ్లీ అడిగాడు. "నర్సంపేట దిక్కా, కొత్తగూడ దిక్కా?"

గోవర్ధన్ మిగతావాళ్లను పక్కకు పిలిచాడు. "మఫ్తీ పోలీసోడు వీడు. తొవ్వ తెల్సుకొని మనల్ని పట్టిస్తడు."

"కాకా మంచోడన్నా. నన్ను ఎత్తు ఎక్కిచ్చిండు," అంది అఖిల.

"ఎత్తు ఎక్కిచ్చినోడే జీపు ఎక్కిస్తడు, సూడు!"

తెల్లారి గూడూరు చేరారు. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. గోవర్ధన్ పెద్దమనిషికి వినబడేలా చెప్పాడు.

"మేం కొత్తగూడ మీదికెల్లి పోతం."

ఆయన సైకిల్ దిగాడు. "గదంత అడివి తొవ్వ నాయినా. అన్ని ఎత్తులే. ఒక్క హోటల్ సుత ఉండదు. తిండెట్ల?"

"తినకుంటనే పోతం. నీకేం పరేషాన్?"

ఆయన అడవి తోవ దిక్కు చూశాడు.

"అయితె నేను ముందుగాల పోత," అని సైకిలెక్కాడు.

"పో పో! మీ సార్లకు మా సలాం చెప్పు!" అన్నాడు డేవిడ్. అందరూ నవ్వారు.

ఎందుకు నవ్వుతున్నారో పెద్దమనిషికి తెలియలేదు. ఆయనా నవ్వాడు.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, వీళ్లు నర్సంపేట రోడ్డు పట్టారు.

ఎండ మాడ్చింది. చెయిన్లు తెగాయి. ఎవరూ వెనుదిరగలేదు. దారి పొడుగునా ఒక్క పోలీసు కనబడలేదు.

మల్లంపల్లి దగ్గర ఎదురొచ్చిన ఆటో ఆయన చెప్పాడు. "పోలీసులంత కొత్తగూడ దిక్కు మోపైండ్రు. సైకిళ్లోళ్లు గట్ల వస్తున్నరని తెల్సిందట."

"సూసిన్రా!" గోవర్ధన్ హ్యాండిల్ మీద చరిచాడు. "నేనన్నది అయ్యిందా లేదా?"

అఖిల ముందుకే చూస్తూ తొక్కింది.

తండా చేరేసరికి పొద్దు గుట్టల మీదికి ఒరిగింది. కల్యాణ్ ఫొటో ముందు దీపంలో వత్తి వేసి ఉంది. వెలిగించలేదు. కల్యాణ్ తల్లి పేరు గోరీ. ఆమె చెంబుతో అందరి కాళ్ల మీద నీళ్లు పోసింది.

"మీరు కొత్తగూడ మీదికెల్లి రాలేదా బిడ్డా?"

"లేదవ్వా. ఎందుకు?" అన్నాడు గోవర్ధన్.

"ఆ దిక్కు తండాలకెల్లి ఫోన్లొచ్చినయి. మీ కోసమని రొట్టెలు కాల్చి, పప్పు వండి, రోడ్డు మీద కూసున్నరట."

"మేం వస్తమని ఎవరు చెప్పిండ్రు?"

"ఆయనే సైకిల్ మీద పోయి, తండ తండకు ఆగి చెప్పిండట. పిల్లలు ఆకలితోని వస్తరు, పొయ్యి ముట్టియ్యుండ్రి అని. గా ముచ్చటనే పోలీసులకు అందింది. ఆయన్నే పట్టుకపోయిండ్రు. సైకిళ్లోళ్లు యాడున్నరని ఎంత అడిగినా నోరు తెరువలేదట. ఇంక ఇడువలే."

డేవిడ్ తల దించుకున్నాడు. గోవర్ధన్ కాళ్ల మీద నీళ్లు కారిపోతూనే ఉన్నాయి.

అఖిల అప్పటికే సైకిల్ తిప్పింది. "స్టేషన్‌కు పోదాం పాండ్రి. కాకాను తోల్కరాంది నేను దిగ."

"పాండ్రి," అన్నాడు గోవర్ధన్. తన సైకిల్ అందుకున్నాడు. "మేం ఆయనను తెచ్చేదాంక దీపం పెట్టకు అవ్వా."

"ఎట్ల పెడ్త బిడ్డా?" అంది గోరీ. "మీరు వస్తున్నరని ఆ నోట ఈ నోట విని, ఇంటికొచ్చే చుట్టాలను ఎదురుపోయి తోల్కరావాలె గద అని తొర్రూరు దాంక వచ్చిండు. కొడుకు పేరెత్తితె గొంతు పూడుకపోతది, గందుకే మీకు చెప్పలేకపోయిండొచ్చు. మా కల్యాణ్ బాపు లేనిది దీపమెట్ల పెడ్త?"

ఈ ముచ్చట మరిచిపోకు బిడ్డా. నీ పిల్లలు సైకిల్ నేర్చుకున్న నాడు వాళ్లకు కూడా చెప్పు.